రెండోసారి మోగిన ఫోను

ఏటా మే నెలలో ప్రశంసా పత్రాలు టైపు కొట్టేది నేనే,
కుతాయిసి ఆసుపత్రి రెండో అంతస్తు గుమాస్తాని.
"అంకితభావానికి గుర్తింపుగా..."
ఆ ముక్క నా వేళ్ళకి కంఠతా వచ్చు.
పేరు దగ్గర మాత్రమే కాస్త ఆగేవి.
ఆగి కూడా ఒక ఏడు
త్సియాలా పేరులో ఓ అక్షరం మింగేశాయి.
ఆవిడ ఏమీ అనలేదు.
పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి
మందుల బీరువా కుంటికాలి కింద దోపింది.
పదకొండు నెలలు బీరువా ఊగలేదు.
అదీ ఆ కాగితం చేసిన సేవ.

ఫిబ్రవరిలో ఒక ఉదయం.
కిటికీ అవతల రియోని నది బురదరంగులో పోతోంది.
రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు ఒంటికాలి మీద ఉన్నారు,
ఎక్కేవాళ్ళు టీ గ్లాసులతో.
డాక్టర్ జురాబ్ కేసు షీటు తెరిచి, మూసేసి,
"నాలుగో మంచం మనిషి రొట్టె తింటున్నాడు" అన్నాడు.
"రెండూ నలభైకి త్సియాలా ఫోన్ చేసింది.
అంకెలన్నీ బాగానే ఉన్నాయి, మనిషే బాగాలేడు, అంది.
పొద్దున చూద్దాంలే అని పెట్టేశాను.
రెండూ నలభై ఎనిమిదికి మళ్ళీ చేసింది.
విసుక్కున్నాను. ఆవిడ పెట్టెయ్యలేదు.
ఆలస్యం నాది.
ఆ ప్రాణం ఆవిడ చలవ."

చప్పట్లు లేవు.
ఎవరి గ్లాసులోనో చెంచా ఆగింది.
త్సియాలా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి,
ఇరవై రెండేళ్ళ సర్వీసు మనిషి
ఆ రోజే చేరిన పిల్లలా నిలబడింది.

తర్వాత అంతా మారిపోయిందని చెప్పను.
జీతం అదే.
లిఫ్టు ఇప్పటికీ మూడో అంతస్తు దగ్గర మొరాయిస్తుంది.
కానీ కొత్త నర్సు ఏతేరి,
డాక్టర్ని లేపడానికి గోడ గడియారాన్ని అనుమతి అడిగే పిల్ల,
మొన్న ఒక్క రాత్రే మూడుసార్లు ఫోన్ చేసింది.
రెండుసార్లు ఏమీ లేదు.
"లేదని తెలిసింది కదా" అంటూ
జురాబ్ చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.
తడిగుడ్డ పెట్టే మనానా
బకెట్ దించి, తలుపు దగ్గరే నిలబడి,
ఆరో మంచం తాత నిన్నట్నుంచీ నీళ్ళు ముట్టలేదంది.
ఎవరో రాసుకున్నారు.
చెప్పిందెవరో కూడా రాసుకున్నారు.

మళ్ళీ మే వచ్చింది.
"అంకితభావానికి" దగ్గరే వేళ్ళు ఆగిపోయాయి.
లేచి వార్డుకెళ్ళి అడిగాను:
ఈ ఏడు ఏం చేశావో చెప్పు, అదే రాస్తాను.
త్సియాలా బీరువాకి తాళం వేస్తూ నవ్వింది.
"ముందు ఆ కాలు బాగుచేయించు నాయనా,
ఈసారి కాగితం
గోడకి పెట్టుకుంటాను."