నాలుగు మాటలు ఎక్కువ

సాల్మన్ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు
చేపలు లెక్కపెట్టాను.
అది మూతపడ్డాక
అచావో గ్రంథాలయంలో మాటలు లెక్కపెడుతున్నాను.
పెద్ద తేడా ఏమీ లేదు.
రెండూ జారతాయి.
మధ్యలో ఎవరైనా పలకరిస్తే
మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఈ ఏటి పోటీ: ఇంకో లోకంలోకి ఒక ద్వారం.
కథ వంద మాటలు మించరాదు.
పేర్లు కూడా మాటలే.
మొదటి బహుమతి ఒక బండెడు పొయ్యికట్టెలు.
ఎండినవి, ఎండినవి
అని పోస్టరు మీద రెండుసార్లు రాయించారు.
మా దీవిలో ఆగస్టు వాన చూసినవాడెవడూ నవ్వలేదు.

అరవై మూడు కథలు వచ్చాయి.
బీరువా తలుపులు పదకొండు. అద్దాలు తొమ్మిది.
ఒక పిల్లాడు బడి మరుగుదొడ్లో
మూడో గది గొళ్ళెం తిప్పి
ఏకంగా శనిగ్రహం మీద దిగాడు,
చేతులు కడుక్కోకుండానే.
పడవ దగ్గర టికెట్లు చింపే ఎలియాసర్
ఫ్రిజ్ తెరిస్తే, పోయిన పెళ్ళాం లోపల్నుంచి
"తలుపెయ్యి, చలి" అంది.
అక్కడ నేను లెక్క తప్పాను.

అరవై నాలుగోది కరెంటు బిల్లు వెనక రాసి ఉంది.
గడువుకు పది నిమిషాల ముందు, తడిసి వచ్చింది.
ఒతీలియా బార్రియా.
వయసు రాయాల్సిన గడిలో: చాలినంత.

అందులో ఒక ఇల్లుంది.
ఇల్లు మారడమంటే మాకు సామాను మారడం కాదు,
ఇల్లే బయల్దేరుతుంది.
దుంగల మీదికి ఎక్కించి, పది జతల ఎద్దులు కట్టి
(వాళ్ళవి నాలుగు, పేర్లతో సహా)
ఊరంతా భుజం ఆనించి సముద్రంలోకి దింపారు.
పోటు మీద పడవలు లాక్కుపోయాయి.
పన్నెండేళ్ళ పిల్ల ఆ ముందు రాత్రి
ఆపిల్ చెట్టును చూస్తూ గడియ పెట్టింది.
మర్నాడు అదే గడియ తీసింది.
అదే కిర్రు, వేలికి గుచ్చుకునే అదే చీల,
గడప అవతల మాత్రం ఎవరిదో ఇసుక,
పేరు తెలియని కుక్క.
ఆఖరి వాక్యం:
అమ్మ మాత్రం బయటికి రాలేదు.

నూట నాలుగు.
మూడుసార్లు లెక్కపెట్టాను.
చేపలకైనా రెండుసార్లే.
ఆఖరి వాక్యం సరిగ్గా నాలుగు మాటలు.
పెన్సిలు దానంతటదే అటు నడిచింది.
ఆపి, కోటు తొడుక్కున్నాను.

రెండు బస్సులు, ఒక పడవ.
తలుపు తోసి గడియ మీద చెయ్యి వేశానో లేదో
వేలికి చీల గుచ్చుకుంది.
ఆమె బంగాళదుంపలు ఏరుతోంది,
మొలకెత్తినవి ఒక పక్కకి.
విషయం చెప్పాను.
చాలాసేపు పొయ్యిని చూసింది.

"ఆ ఆపిల్ చెట్టు కింద మా తమ్ముడున్నాడు.
ఆరునెలలవాడు.
ఇల్లు కదిలింది గానీ చెట్టు కదల్లేదు కదా.
అమ్మ ఇరవై ఆరేళ్ళు ఇక్కడే కూర్చుంది,
ఆ కిటికీకి వీపు పెట్టి.
వాణ్ణి కథలో పెట్టలేదు.
మాటలు చాలవని."

నా పెన్సిలు తీసుకుంది.
లూసేరో. క్లావెల్. పింతో. నోబ్లే.
కొట్టేసే ముందు ఒక్కోటీ పైకి చదివింది,
కాడి కట్టేటప్పుడు పిలిచినట్టు.

రాజధాని నుంచి వచ్చిన న్యాయనిర్ణేతలు
ఊహ బాగుంది, ద్వారం ఎక్కడుందో తెలియలేదు
అని మార్జిన్‌లో రాశారు.
కట్టెలు శనిగ్రహం పిల్లాడికి వెళ్ళాయి.
ఒతీలియాకు ప్రశంసాపత్రం, తపాలా ఖర్చు మాదే.

ఆ కరెంటు బిల్లు నా సొరుగులో ఉంది.
దీపం కిందికి వంచితే
కొట్టేసిన గీతల అడుగున నాలుగు పేర్లూ కనపడతాయి.
ఇంటిని నీళ్ళదాకా లాగింది అవే.
మోకాలి లోతులో తాళ్ళు విప్పేస్తారు.
ఇల్లు తేలుతుంది, జనం టోపీలు ఊపుతారు,
అవి అక్కడే నిలబడి
మెడ మీద లేని బరువుకి
ఇంకా
ముందుకి వంగి ఉంటాయి.