ఎవరి చెయ్యి

పేరు ఏడో రోజుకే పెట్టేశాం, యాకూబ్ అని.
ఒడుగులు ఎవరి చేత చేయించాలన్నది మాత్రం
పదహారో రోజుకీ తెగలేదు.

దాదీది ఒకటే మాట.
"మీ తాతకి వాళ్లయ్య, మీ నాన్నకి వాడు, నీకూ వాడే.
ఈ ఇంటి గుంటల్ని ఏరే చెయ్యి ముట్టలేదు."
వాడంటే ఖాసిమొస్తా.
బాబామెట్ట దిగువన రేకుల పందిరి,
ఒక కుర్చీ, సగం పాదరసం రాలిన అద్దం.

బావమరిది ఇలియాసు మందుల కంపెనీ బ్యాగు దించి
"సెప్టిక్కంటే తెలుసా బావా?" అంటాడు.
కోట జంక్షన్లో డాక్టర్ వసంతలక్ష్మి.
పావుగంట పని, కుట్టు కూడా దానంతటదే కరిగిపోద్దట.
"ఆడమనిసా!" దాదీ ఆకు నమలడం ఆపింది.
"ఘోషాసుపత్రిలో పుట్టించిందీ ఆడమనిషే కదా"
గోడవైపు తిరిగి పాలిస్తూ అంది శంషాద్.

మళ్లీ ఆమే, రాత్రి లైటు తీసేశాక:
"ఎవరు చేసినా నాకొకటే.
రెండింటికి రక్తం ఆగకపోతే
ఎవరి తలుపు కొడదాం, అది చెప్పు."
డాక్టరమ్మ తొమ్మిదికి షట్టరు దించేస్తుంది.
ఖాసిమొస్తాకి తలుపే లేదు, గోనెపట్టా.

నాకు గుర్తున్నది తక్కువ.
ఆరేళ్లు. మెళ్లో బంతిపూల దండ.
బోర్లించిన కుంచం మీద కొత్త తువ్వాలు.
"అదిగో సూడు, ఆకాశంలో రైలుబండి ఎళ్తంది!"
చూశాను.
ఆ రైలు ఇంకా రాలేదు.

గంటస్తంభం వెనక మోటార్లకి వైండింగు చుడతాను.
వెంట్రుకంత రాగితీగ
ఏ చేతిలో నిలుస్తుందో, ఏ చేతిలో తెగుతుందో
చూసి చెప్పగలను.
అందుకే జుమ్మా నమాజయ్యాక అటు నడిచాను.
అడగడానికెళ్లి అడగలేక
కుర్చీలో కూర్చుని గెడ్డం గియ్యమన్నాను.

నురగ చల్లగా ఉంది.
తోలు మీద కత్తి పైకీ కిందకీ.
ఆ చప్పుడొక్కటే ముసలిది కాలేదు.
ఎడమ చెంప బాగానే దిగింది.
దవడ కింద, గొంతు మలుపులో, చురుక్కుమంది.
అద్దంలో ఎర్రపూస ఒకటి
నెమ్మదిగా నురగలోకి ఇంకింది.
ఇద్దరం దాన్నే చూశాం.
రోడ్డు మీద పార్వతీపురం బస్సు
హారను కొట్టుకుంటూ పోయింది.

పటిక రాశాడు.
కత్తి కడిగాడు. మళ్లీ కడిగాడు.
డబ్బులిస్తే పుచ్చుకోలేదు.
"గుంటడు ఎన్ని కేజీలు?"
"మూడుంపావు."
"డాక్టరమ్మ దగ్గరికే ఎత్తుకెళ్లు.
రాత్రికి నానొస్తాను.
మీ అరుగు మీద తొంగుంటాను, ఎందుకైనా మంచిది."
నేనేమీ అడగలేదు. మావాళ్లెవరూ చెప్పలేదు.

ఇంటికెళ్తే దాదీ నా గొంతు కేసి చూసింది.
ఆకులో సున్నం రాసుకుంటూ
"ఆ డాక్టరమ్మ ఫీజెంతంట?" అంది.

నిన్న కోట జంక్షన్లో పావుగంట.
తలుపు సందులోంచి దాదీ
ఆ గ్లౌజుల చేతుల్నే చూస్తూ నిలబడింది.
"బిస్మిల్లా అను తల్లీ" అంది.
డాక్టరమ్మ అంది. నోరు తిరక్కపోయినా అంది.

రాత్రి ఖాసిమొస్తా వచ్చాడు.
దుప్పటి, బీడీకట్ట, ఎందుకో కత్తుల పెట్టె కూడా.
పెట్టె తలకింద పెట్టుకున్నాడు.
గంటకోసారి దగ్గు, దగ్గు వెనకే అదే ప్రశ్న.
"పోసాడా?"
"లేదు తాతా."
"పోసాడా?"
"ఇంకా లేదు."

రెండున్నరకి శంషాద్ కేక పెట్టింది.
మోకాలు గడపకి కొట్టుకుని పరిగెత్తాను.
ఒళ్లో గుడ్డ తడి, జాకెట్టు తడి,
ముక్కు మీంచి కారుతున్న చుక్కతో నవ్వుతోంది.
వీధిలోకి వినపడేట్టు దాదీ అరిచింది:
"పోసాడొరే ఖాసిమూ, పోసాడు!"

అరుగు మీద అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
బీడీ కొనని అందుకోబోయి
ఆ మంట రెండుసార్లు తప్పింది.