ఫ్యాను నేసిన జంఖానా

పొద్దున ఆరింటికి బటన్ ఒత్తుత.
తెర మీద చుక్కలు గుండ్రంగ తిరుగుడు మొదలువెడ్తయ్.
వాకిలి ఊడ్సి, సాన్పి సల్లి,
చాయ్ పొంగిచ్చి, తాగి, గ్లాసు బోర్లిచ్చి వచ్చినా
అవి తిరుగుతనే ఉంటయ్.
మా మగ్గమే నయం,
కాలు పడంగనే పలుకుతది.

కొత్తవాడల మూడో గల్లి మాది.
ముందర్రల మగ్గం, దాని పక్కపొంటి నా కంప్యూటర్.
సంఘపోళ్లకు జంఖానాల డిజైన్లు
గళ్లు గళ్లుగ నింపి ఇస్త.
ఒక గడిల ఎరుపు పోసి
అది ఎర్రవడేదాక
కండె ఒకటి చుట్టుకోవచ్చు.
"కొత్తది కొనరాదు స్వరాజ్యం" అంటరు అందరు.
అనేటోళ్లకు ఏం, నోటి ఖర్చే.

హన్మకొండ చౌరస్తకెళ్లి బైరి ఓదెలు వచ్చిండు.
పక్కరేకు ఇప్పిండు.
ఇప్పి, శానసేపు మాట్లాడలే.
ఫ్యాను మీద నూగు.
ఎరుపు, నీలం, నడుమ నడుమ ఆవపువ్వు పసుపు.
ఏడేండ్ల సంది మగ్గం మీదికెళ్లి లేచింది
పొర మీద పొర పేరుకొని
అరచెయ్యంత జంఖానా అయ్యింది.
రెండేళ్లతోని ఎత్తి పట్టుకొని
"దీనికి ఊపిరాడుతలేదక్కా,
లోపల్లోపలనే ఉడుకుతున్నది" అన్నడు.
మా ఆయన తొంగిజూసి,
"పడుగు లేకుంటనే నేసింది,
కూలి గూడ అడగలే!"

ఇగ లోపటి పంచాయితి.
దాంతోపాటే పొద్దుగాల లేస్తున్నరట
పిలువని చుట్టాలు ఇరవై ఆరుగురు.
"పండనియ్యి, పనివడ్డప్పుడు నువ్వే లేపుకో."
ఒక్కొక్కని మీద ఒత్తుకుంట పోయిండు.
ఎవడూ అలుగలే.

సి డ్రైవ్ ఎర్రగైంది,
కుట్లు పిగిలే బియ్యం సంచి లెక్క.
తీసెయ్యాలె. ఏం తీసెయ్యాలె?
నెమలి ఫైనల్, నెమలి ఫైనల్ రెండు,
నెమలి అసలు ఫైనల్, నెమలి ఇదే ఫైనల్...
పదకొండు నెమళ్లు.
పది ఎగిరిపోయినయ్.
పోయినదాంట్లనే మంచిది పోయిందేమోనని
ఆ రాత్రి రెండింటికి లేచి కూసున్న.

కొక్కుల నర్సయ్య సారు
గళ్ల కాయితం మీద పెన్సిల్‌తోని గీసినయి,
చెదలు ముట్టకముందే నేను స్కాన్ చేసినయి,
రెండు వందల పన్నెండు.
ఒకదాని మూలకు ఆయన చాయ్ మరక గూడ
గుండ్రంగ అట్లనే వచ్చింది.
"వీటి మీద చెయ్యి వెయ్యకు" అన్న.
"అయితే బయట దాచుకో" అన్నడు.

దుకాణంల అద్దం మీద మూడు పెట్టిండు.
ఒకటి లోపల తిరుగుతది. అగ్గువ, జాగ ఎక్కువ,
కిందవడ్డదో, ఖతం.
ఒకటి తిరగది, ఉరుకుతది.
సగం జాగకే రెండింతల ధర.
మూడోది తాళంచెవుల గుత్తికి యాలాడే పెన్‌డ్రైవ్.
"అది కొంగుల చిల్లరక్కా, బీరువ గాదు."

తిరిగేదాన్ని చెవికాడ పెట్టుకొని విన్న.
సన్నటి రొద, రాట్నానికి చుట్టమే.
తిరిగేదాని మీదనే బతికినదాన్ని,
తిరిగేది ఒకనాడు తెగుతదని నాకు చెప్పాల్నా!
నూలైతే అతుకుదును.

తిరగనిదాన్ని చిన్నది చూసి
కంప్యూటర్ కడుపుల పెట్టిచ్చిన, ఉరుకనీకి.
తిరిగేవి రెండు కొన్న, దాచనీకి.
ఒకటి బీరువల,
ఒకటి జమ్మికుంటల మా చెల్లె సువర్చల ఇంట్ల.
ఓదెలు నవ్విండు రెండెందుకని.
బొందివాగు ఇంట్లకొచ్చిన ఏడు
కంప్యూటర్‌ను మగ్గం మీదికెక్కిచ్చి
తెల్లారేదాక మోకాలు నీళ్లల్ల నిలవడ్డది
వాడు గాదు గదా.

ఇప్పుడు బటన్ ఒత్తి చీపురందుకునేసరికి
తెర తయారుంటది.
చాయ్ మాత్రం సల్లారిపోతున్నది.

ఆ నూగు ముక్కను పారెయ్యలే.
డిజైన్ చేద్దామని స్కానర్ మీద పరిచిన,
ఏ రంగు ఏ గడిదో దొరుకలే.
నెలకోపారి రేకు ఇప్పి బ్రష్‌తోని దులుపుతున్న.
దులిపిన తెల్లారే
మళ్ల మొదలువెడ్తది ఫ్యాను,
ఈసారి నీలం ఎక్కువేసి.