గాటు పడని టికెట్లు

జిల్లేడుదిన్నెలో
రైలు దిగిన మనుషుల కన్నా
రైలెక్కిన రాళ్ళే ఎక్కువ.
బేతంచెర్ల దాటినాక మీటరు గేజి ఒకటి పక్కకు తిరిగి
పద్నాలుగు మైళ్ళు నాపరాళ్ళ గనులెంబడి వచ్చి
ఇంక పోయేదానికి దోవ లేక
మా ఊరికాడ నిలబడేది.

స్టేషనంటే ఒక గది.
తేదీ గుద్దే ఇనుప మిషను,
గుంతకల్లు నుంచి వచ్చిన గడియారం,
దూదేకుల దస్తగిరప్ప.
పాయింట్లూ ఆయనే, దీపాలూ ఆయనే,
మాస్టరు సెలవు పెడితే టికెట్లూ ఆయనే.

చినుకు రాలని మూడో ఏడు
బాయిలో బొక్కెన రాతికి తగిలి మోగింది.
ఆ పొద్దు డ్రైవరు, పేరెవరికీ తెల్దు,
అరవాయన అంటారు,
ఇంజను కింద కొళాయి తిప్పినాడు.
నంద్యాల నీళ్ళు.
ఉడుకుడుగ్గా, నూనె తెట్టె కట్టి.
కడవలు, తపేలాలు, ఎవరిదో పెండ్లి హండా.
"కొర్రబువ్వ బొగ్గు వాసనొచ్చేది నాయనా,
అయినా గిన్నె గీకి తింటిమి" అనేది మా జేజి.

వానలొచ్చినాయి. రాళ్ళు లారీలెక్కినాయి.
ఈ లైనుకు రాబడి లేదని
ఒక కాయితం వచ్చింది.
దస్తగిరప్ప దాన్ని గోడకంటించి
చదువురాని ఆడోళ్ళకు చదివి
"టికెట్లు తెగాలమ్మా" అన్నాడు. అంతే.

మంగళవారం మంగళవారం
శెనక్కాయలొలిచిన కూలి డబ్బుల్లోంచి
తలా ఒక టికెట్టు, పక్క స్టేషను దాకా.
ఎక్కింది మాత్రం ఎవరూ లేరు.
ఖాళీ పెట్టెలు కదిలిపోతాంటే
టికెట్టు పిడికిట్లో పెట్టుకొని నిలబడినారు
చుట్టాన్ని సాగనంపను వచ్చినట్టు.

అట్ల పదకొండు నెలలు.

పట్టాలు తూకానికి పోయినాయి.
ప్లాట్‌ఫారం బండలు గొర్రెల దొడ్లకు.
ఊరి పేరు చెక్కిన బండ
మద్దిలేటి ఇంటి ముందర బోర్లా పడుండాది,
దానిమీద గుడ్డలుతుకుతారు.
పేరు మట్టివైపు.

జేజి పోయినాక
వక్కాకు సంచిలో నలభై మూడు అట్టముక్కలు.
ఒక్కదానికీ గాటు లేదు.
సిరా లేని తేదీలు వేలితో తడుముకుంటా పోతే
ఆఖరుదాని మీద వేలు జారింది. నున్నగా ఉండాది.

దస్తగిరప్ప మనవడు నంద్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.
అడిగితే నవ్వినాడు.
"మా అబ్బ ఆ పొద్దు మిషను గుద్దలేదంట.
ఇది ఎప్పుడెక్కినా చెల్లుతాది పెద్దమ్మా, అన్నాడంట."

మా జేజికి
ఎద్దులబండి ఎక్కినా కడుపులో తిప్పేది.
ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో.