సొట్ట

పొద్దంత జడ్చర్ల హైవే పక్కన
సొట్టలు తీసుడే నా పని.
రాత్రి షట్టర్ సగం దించి
సొట్టల్లేని బండ్లు చేస్త,
అసలు బండిల ఇరవైనాలుగో వంతు.
డాల్డా డబ్బా రేకు బానెట్టు,
తెగిన హవాయి చెప్పు నాలుగు టైర్లు,
గోళీల పట్టీ బుడగలు హెడ్‌లైట్లు.
నెయిల్ పాలిష్ మూడు పూతలు,
ఆరేదాక దుమ్ము పడకుండ
మీద బోర్లించిన గిన్నె.

మొన్న కుర్మయ్య వచ్చిండు.
ఇరవై ఏండ్లు కల్వకుర్తి–అచ్చంపేట జీపు,
లోపల పదిమంది, ఎన్క యాలాడుకుంట ఆరుగురు,
టాపు మీద మేకపిల్ల.
కిలోల లెక్కన తుక్కుకిచ్చిండు.
మడతలు వడ్డ ఫోటో చేతుల వెట్టి
"గిట్లనే కావాలె."

చేసిన.
స్టీరింగుకు ఎర్రదారం సుట్టిన.
అద్దం మీద కురుమూర్తి సామి పేరు
సూదిమొనతో రాసిన.
తిప్పి తిప్పి చూసిండు.
"మంచిగుంది గని, నా బండి కాదు."
ఎందుకే?
"ఎడమ డోరుకు సొట్టేది?"

ముప్పై ఏండ్లసంది తీసినోణ్ణి,
పెట్టుడు నాకేం తెల్సు.
అన్నిట్ల చిన్న సుత్తె గూడ పెద్దగైంది,
మొల అయితే బొక్క జేస్తది.
ఆఖరికి ఆయనే
బొటనవేలి గోరు ఆనిచ్చి ఒత్తిండు.
టిక్కుమన్నది రేకు.
బియ్యపు గింజంత.

"ఉప్పునుంతల మలుపుకాడ
బర్రె అడ్డమొచ్చినప్పుడు" అన్నడు.
బర్రెకేమైందో చెప్పలే.

తెల్లారి ఎవలిదో తెల్లకారు,
డోరు లోపలికి వొయ్యింది.
సుత్తె ఎత్తినోణ్ణి దించి
ఇదేడ తాకిందన్నా అని అడిగిన.
ఓనరు నన్ను ఎగాదిగా చూసిండు.