పద్నాలుగో షరతు

ఉత్తరం మర్యాదగా ఉంది.
బ్రెమెన్ నుంచి వచ్చేవన్నీ అంతే,
ఇస్త్రీ మడత నలగని చొక్కాల్లా.
ఎనిమిదేళ్ల సహకారానికి కృతజ్ఞతలంది,
జూన్ ముప్పైతో లైసెన్సు ముగుస్తుందంది,
ఇకమీదట అన్ని భాషల్లోనూ
ఆటను తామే అచ్చువేసుకుంటామని
ఎవరినీ నొప్పించకుండా చెప్పింది.

మారిక రెండుసార్లు చదివి
దాన్ని కెటిల్ కింద పెట్టింది.
మర్నాటికి సంతకం చుట్టూ ఒక తడి వలయం.

టార్టు ఊరి చివర, పాత ఉన్ని మిల్లు వెనక మా గోదాము.
మేమిద్దరమే యజమానులం, మేమిద్దరమే కూలీలం.
మొదటి ఏడు ఫ్యాక్టరీవాళ్లు పడవలన్నీ
ఒకే గోనెలో కుమ్మరించి పంపితే
రాత్రంతా కూర్చుని
పెట్టెకు పన్నెండు చొప్పున సర్దాం.
నా వేళ్లకి ఇప్పటికీ చూడకుండా పన్నెండు తెలుసు.

ఆట మీరు ఆడి ఉండరు.
పొగమంచులో పడవలు, ఒక దీపస్తంభం,
దానికో కాపలాదారు.
పాచిక పడ్డ మేరకే వెలుతురు.
జర్మన్‌లో అతనికి పేరు లేదు,
చేసే ఉద్యోగమే పేరు.

ఎస్తోనియన్‌లో రాస్తూ రాస్తూ
మారిక మూడో పేజీ దగ్గర ఆగిపోయింది.
"పేరు లేనివాణ్ణి పొగమంచులో ఏమని పిలుస్తారు?"
అని, కొట్టేసి,
ఎండెల్ అని రాసింది.

ఎండెల్ ఆమె మేనమామ.
దీపస్తంభం ఏనాడూ ఎక్కినవాడు కాదు.
హాప్సలు దారిలో బస్సు నడిపేవాడు.
మంచు కురిసే రాత్రి ఆఖరున దిగిన మనిషి
తన ఇంటి తలుపు తాళం తీసేదాకా
హెడ్‌లైట్లు ఆర్పేవాడు కాదట.

తర్వాత పిల్లలు కార్డులు రాశారు.
ఎండెల్‌కి చలెయ్యదా? ఎండెల్‌కి కుక్క ఉందా?
వాల్గా నుంచి ఒక పెద్దాయన,
మీ ఎండెల్‌కి ఎడమచెవి వినపడదు కదా, అని.
నిజంగానే వినపడదు. ఎలా తెలిసిందో తెలియదు.

అమ్ముకోవడానికి ఆర్నెల్లు గడువు.
సగం ధర చీటీలు అంటించాం, పావు ధరవి అంటించాం,
చీటీ మీద చీటీ.
డిసెంబరు చివరికి మిగిలినవి రెండొందల పన్నెండు.
మిగిలినవాటిని ధ్వంసం చెయ్యాలి, ఫోటో పంపాలి.
అది పదకొండో షరతు, తెలిసే ఒప్పుకున్నాం.
పద్నాలుగోది మాత్రం
ఆ రోజే ఎవరో కొత్తగా రాసిపెట్టినట్టుంది:
అనువాదమూ, అందులో కల్పించిన పేర్లూ
మూల ప్రచురణకర్తకే చెందును.

అంటే మేనమామ ఇప్పుడు బ్రెమెన్‌వారి ఆస్తి.
మారిక పకపకా నవ్వింది.
"బతికున్నన్నాళ్లూ సరిహద్దు దాటడానికి
ఆయనకి ఒక్క కాగితం ఇవ్వలేదు" అంది,
"చూడు, ఇన్నాళ్లకి వచ్చింది."
తర్వాత ముక్కు చీదుకోవడానికి
చాలాసేపు పట్టింది.

తిడదామంటే మనిషి దొరకలేదు.
మా ఒప్పందం చూసే గెర్లిండ్
తన సొంత ఫోన్ నుంచి పిలిచింది.
కంపెనీ చేతులు మారిందట,
తనకీ అక్కడ ఫిబ్రవరి దాకానేనట.
ఆమెనే ఓదార్చి పెట్టేశాం.

కాగితంలో చెక్క కలవకూడదన్నాడు లారీ కుర్రాడు.
మళ్లీ ప్రతి పెట్టే విప్పాం.
పన్నెండు, పన్నెండు, పన్నెండు.
ఏ పావూ పండకుండానే ఆట కట్టు.
అట్టలు లారీలోకి,
పడవలు మా ఇంటి సౌనా పొయ్యిలోకి.
రంగు వాసన వేస్తుందని భయపడ్డాను గానీ
దేవదారు, బాగా ఎండినది,
చిటపటమంటూ ఒక్క సాయంత్రానికి సరిపోయింది.
ఇంత వేడి ఆ ఆట మీద మాకెప్పుడూ రాలేదు,
అన్నాను. ఆమె నీళ్లు చల్లింది.

రాత్రి మారికని ఇంటి దగ్గర దింపాను.
మంచు అడ్డంగా కురుస్తోంది.
చేతిసంచీలో తాళంచెవి వెతుక్కుంటోంది,
ఒక జేబు, ఇంకో జేబు.
వ్యాను బ్యాటరీ అసలే అంతంతమాత్రం.
అలాగే ఉంచాను, లైట్లు.
తలుపు తెరుచుకుంది.
లోపల దీపం వెలిగాక
ఆర్పాను.