చెల్లని ఓటు

రాత్రి పదకొండున్నరకి
నల్లబల్ల మీద ఆఖరి గీత గీశాను.
నాలుగు నిలువు, ఒక అడ్డం,
చీపురుపుల్లలు కట్ట కట్టినట్టు.
క్రిసాంతా అబయోన్: నూట ఎనభై ఏడు.
తియోఫిలో మకబెంతా: నూట ఎనభై ఏడు.
మళ్ళీ లెక్కపెట్టమన్నారు. పెట్టాను.
మూడోసారి పెడుతుంటే
జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.
దీపం వెలుతురులోనూ అంకెలు అవే.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ గదిలోనే పాఠం చెబుతున్నాను.
ఓట్లొస్తే ఇదే పోలింగు బూత్,
తుపానొస్తే ఇదే ఆసరా,
పైకప్పు లేచిపోయిన ఏడు
ఇది గదే కాదు.
సమర్ దీవి తూర్పు అంచున
సముద్రం ఏ పక్కకి ఒత్తిగిలితే
ఆ పక్క మునిగే బరంగాయ్ మాది.
ఇక్కడ కపిటాన్ అంటే
పక్కింటి పంది తిన్న చిలగడదుంపలకి తీర్పు చెప్పాలి,
శవపేటిక చందాకి ముందు తన జేబే విప్పాలి.
దానికోసం ఈ అన్నాచెల్లెళ్ళ పిల్లలిద్దరూ
రెండు నెలలుగా
ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది.
చెల్లని ఓట్లు మూడు.
ఒకటి ఖాళీ.
ఒకదాంట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, పాపం, మొహమాటం.
మూడోదాంట్లో
పేరు రాయాల్సిన గీత మీద
కాగితం చిరిగేంత ఒత్తి ఒకే మాట:
తులాయ్. వంతెన.

ఈ ఊళ్ళో ముప్పై ఆరేళ్ళ లోపు
ఎవరి చేతిరాతైనా నా చేతికింద తిరిగిందే.
చివరి అక్షరం తోక అలా జారి
గాలం ముల్లులా పైకి వంగిందంటే
లిందో.
రెండో తరగతిలో ఎన్నిసార్లు దిద్దించినా
ఆ వంకర పోలేదు.
ఇప్పుడు వాగు మీద పడవ వాడిదే.
మనిషికి రెండు పెసోలు,
లేవంటే, రేపివ్వు అంటాడు.
వంతెన లేస్తే
ముందు లేచేది వాడి కంచమే.

నిరుడు డిసెంబరులో వాగు పొంగిన పొద్దున
వాడి పడవలో ఎనిమిదిమంది ఎక్కారు.
ఆ రోజు ఏడుగురికి హాజరు వేశాను.

నియమం ప్రకారం ఆ కాగితాన్ని
చెల్లనివాటి కవరులో పెట్టాలి.
పెట్టేముందు, అలవాటు కొద్దీ,
ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నాను.
టిక్కు పెట్టలేదు.
తీసుకున్నాను, అంతే.

ఓట్లు సమానమైతే నాణెం ఎగరెయ్యమంది చట్టం.
మర్నాడు బాస్కెట్‌బాల్ కోర్టు నిండా ఊరు.
టౌను నుంచి వచ్చిన ఆఫీసరు
ఇస్త్రీ చొక్కా జేబులన్నీ తడుముకున్నాడు.
అన్నీ నోట్లే.
చిల్లరకొట్టు పురిఫికా
కొంగు ముడి విప్పినంత బాధగా
డబ్బా మూత తీసి ఐదు పెసోల బిళ్ళ ఇచ్చింది.
"మళ్ళీ ఇవ్వాలి," అంది.

క్రిసాంతా బొమ్మ కోరింది.
తియోఫిలోకి బొరుసు మిగిలింది.
బిళ్ళ లేచింది, పడింది, దొర్లింది,
వేదిక చెక్కల కిందికి దూరింది.
అభ్యర్థులిద్దరూ మోకాళ్ళ మీద వంగి
నుదుళ్ళు తగిలేంత దగ్గరగా
ఒకే చీకట్లోకి తొంగిచూశారు.
"కనబడిందా?"
"లేదు. నీకో?"
రెండు నెలల తర్వాత
వాళ్ళ మధ్య పడిన మొదటి మాటలు.

ఇంకో బిళ్ళతో తేల్చారు. బొరుసు.
చప్పట్లు సగం చేతుల్లోనే మోగాయి.
లిందో కోర్టు చివర నిలబడ్డాడు,
భుజాన తెడ్డు, కాళ్ళకి ఆరని బురద.
నా వైపు చూడలేదు.
సాయంత్రం పడవలో రెండు పెసోలిస్తే
లెక్క చూసుకోకుండా జేబులో వేసుకున్నాడు.
వాగు మధ్యలో ఒకచోట
తెడ్డు వెయ్యడం మానేసి
పడవని దానంతటదే పోనిచ్చాడు.
నేనూ ఏమీ అడగలేదు.

కపిటాన్ తియోఫిలో తొలి మీటింగులో
వంతెన గురించి చాలాసేపు మాట్లాడాడు.
అర్జీ, అంచనా, పై ఆఫీసు, వచ్చే బడ్జెట్టు.
వెనక బెంచీ నుంచి పురిఫికా లేచింది.
"అదంతా సరే గానీ కపిటాన్,
చెక్కల కింద నా ఐదు పెసోలు?"